వేన్నీళ్ల వంశవృక్షం

స్పెయిన్‌లో ఆరోగ్య స్నానాల కేంద్రాన్ని ‘బల్నెయారియో’ అంటారు. ఈ మాటకు పుట్టిల్లు గ్రీసు, మెట్టినిల్లు రోము. దీని చుట్టాలు ఇంగ్లీషు వైద్యశాస్త్రంలో ఉన్నారు, హోటళ్ల వంటశాలల్లో ఉన్నారు, చివరికి జైళ్ల చరిత్రలోనూ ఉన్నారు. రెండున్నర వేల ఏళ్లు నడిచొచ్చిన ఈ మాట, ఒంటికి చేసే సేవ గురించి మనకు గట్టిగా గుర్తుచేసే సంగతి ఒకటుంది.

స్పెయిన్‌లో పించను వయసు వచ్చినవాళ్లకు ఓ సౌకర్యం ఉంది. మోకాళ్లు పట్టేసినా, నడుం లాగుతున్నా, ఊపిరి సరిగా ఆడకపోయినా దరఖాస్తు పెట్టుకుని, వేడినీటి బుగ్గలున్న ఊళ్లో కొన్నాళ్లు ఉండి రావచ్చు. ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది వాళ్లు కట్టుకుంటారు. 1989లో మొదలైన ఈ పథకం ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లు వెళ్లి ఉండే చోటే బల్నెయారియో.

అక్కడ అడుగుపెట్టగానే ముందు డాక్టరు చూస్తారు. రక్తపోటు ఎంత, గుండె ఎలా ఉంది, ఏ మందులు వాడుతున్నారు అన్నీ కనుక్కుని చీటీ రాస్తారు. తొట్టి స్నానం ఎన్ని నిమిషాలు, నీటి ధార వీపు మీద ఎక్కడ పట్టాలి, వేడి మట్టిపట్టీ ఏ కీలుకు వేయాలి, ఆవిరి పీల్చాలా వద్దా అన్నీ అందులో ఉంటాయి. ఇలా నీళ్ల కోసం వచ్చే మనిషికి స్పానిష్‌లో ప్రత్యేకంగా ఓ పేరుంది: ఆగ్విస్తా. ‘ఆగ్వా’ అంటే నీళ్లు. తొమ్మిది స్నానాలను ఒక వరసగా చేసే పాత ఆనవాయితీకి ‘నొవెనారియో’ అని ఇంకో పేరు.

స్పా, వెల్‌నెస్ అన్న మాటలు వినగానే మనకు ఖరీదైన హోటలు, తెల్లటి తువ్వాలు, సువాసనల కొవ్వొత్తి గుర్తొస్తాయి. డబ్బున్న మనిషి ఒంటరిగా కొనుక్కునే సుఖంగా ఆ మాటలు మారిపోయాయి. బల్నెయారియో కథ ఆసాంతం తెలుసుకుంటే మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. ఆరోగ్య స్నానం మొదటినుంచీ నలుగురూ కలిసే చోటు. అక్కడ నీళ్లు కాచేవాళ్లు, పోసేవాళ్లు, ఒళ్లు రుద్దేవాళ్లు ఉంటారు. ఆ పనివాళ్లు లేనిదే ఈ మాటే లేదు.

ఏథెన్స్‌లో కంచు కాగు

ప్రాచీన గ్రీకులో స్నానశాలను ‘బలనెయోన్’ అనేవారు. దాన్ని నడిపే మనిషి ‘బలనెయుస్’. ఈ మాటల మూలం ఏమిటో భాషా శాస్త్రవేత్తలు ఇంతవరకూ తేల్చలేకపోయారు. గ్రీకులు ఆ ప్రాంతానికి రాకముందు అక్కడున్న జనం భాషలోంచి వచ్చి ఉండవచ్చన్నది ఒక ఊహ.

ఆ స్నానశాలలు ఎలా ఉండేవో తవ్వకాల్లో తెలిసింది. గుండ్రటి గది. గోడ వెంబడి చుట్టూ వరసగా కూర్చునే తొట్లు. ఒక్కొక్క తొట్టిలో ఒక్కొక్కరు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. తల వెనక గోడలో, నూనె బుడ్డి పెట్టుకోవడానికి చిన్న గూడు. మధ్యలో తిరుగుతూ పనివాళ్లు వేన్నీళ్లు పోస్తారు. తొట్టి ఎవరిది వాళ్లదే, కబుర్లు మాత్రం అందరివీ.

క్రీ.పూ. 4వ శతాబ్దపు రచయిత థియొఫ్రాస్టస్ రకరకాల మనుషుల స్వభావాల మీద చిన్న చిన్న రేఖాచిత్రాలు రాశాడు. అందులో సిగ్గులేని మనిషి స్నానశాలకు వస్తాడు. నేరుగా కంచు కాగు దగ్గరికి పోయి, స్నానశాల మనిషి అరుస్తున్నా వినకుండా, చెంబు ముంచుకుని తానే ఒంటి మీద గుమ్మరించుకుంటాడు. నా స్నానం అయిపోయింది, ఇందులో నువ్వు చేసిందేమీ లేదు పొమ్మని వెళ్లిపోతాడు. పనివాడికి దక్కాల్సిన కూలి ఎగ్గొట్టే మనిషిని అప్పటి సమాజం సిగ్గులేనివాడి కింద జమకట్టిందన్నమాట.

వేన్నీళ్ల మీద అప్పట్లోనే పెద్ద వాదం ఉండేది. క్రీ.పూ. 423లో అరిస్టొఫేనిస్ ప్రదర్శించిన ‘మేఘాలు’ నాటకంలో పాతకాలపు పెంపకాన్ని వెనకేసుకొచ్చే పాత్ర, వేన్నీళ్ల స్నానం మగవాణ్ని పిరికివాణ్ని చేస్తుందంటుంది. అయితే హెరాక్లిస్ పేరు మీదున్న స్నానాలు చల్లగా ఉండటం నువ్వెప్పుడైనా చూశావా అని ఎదుటి పాత్ర నిలదీస్తుంది. వేడినీటి బుగ్గలను ఆ మహావీరుడి పేరుతో పిలవడం అక్కడి ఆచారం. క్రీ.పూ. 480లో పర్షియన్లను గ్రీకులు అడ్డుకున్న థెర్మొపిలె కనుమకు ఆ పేరు వచ్చింది కూడా ఇలాంటి బుగ్గల వల్లే. ‘వేడి ద్వారాలు’ అని దానర్థం.

వైద్యులు ఈ వాదంలోకి దిగకుండా రోగిని చూసి మాట్లాడారు. హిపొక్రటిస్ పేరుతో మనదాకా వచ్చిన వైద్య గ్రంథాల్లో, తీవ్రమైన జబ్బుల్లో పాటించాల్సిన పథ్యం గురించి ఒకటుంది. అందులో స్నానం చేయించే తీరు ఒక నర్సు రాసిపెట్టుకున్నంత వివరంగా ఉంది. స్నానాల గదికి దూరం తక్కువ ఉండాలి. తొట్టిలోకి దిగడం, బయటికి రావడం తేలికగా ఉండాలి. గోరువెచ్చని నీళ్లు సమృద్ధిగా సిద్ధంగా ఉంచాలి. రోగి మాట్లాడకూడదు, తానేమీ చేసుకోకూడదు. నీళ్లు పోయడం, ఒళ్లు రుద్దడం అంతా పక్కవాళ్లే చూసుకోవాలి. ఇన్ని వసతులు లేని ఇంట్లో స్నానం చేయించకపోవడమే మేలని కూడా ఆ వైద్యుడు సూచించాడు. మంచి చికిత్సకు మంచి ఏర్పాటు కావాలన్న ఎరుక అంత పాతది.

రోములో స్నానశాల పైన

గ్రీకు స్నానశాల రోముకు వెళ్లినప్పుడు మాట కూడా వెంట వెళ్లింది. లాటిన్ నోట్లో అది ముందు ‘బలినెయుం’ అయింది. తర్వాత మధ్యలోని ‘ఇ’ జారిపోయి ‘బల్నెయుం’గా స్థిరపడింది. దానికి సంబంధించిన దేన్నయినా ‘బల్నెయారియుస్’ అన్నారు. మన బల్నెయారియోకి నేరుగా తండ్రి ఈ చివరి మాటే.

క్రీ.పూ. 33లో నగర పాలన అధికారిగా ఉన్న అగ్రిప్పా 170 స్నానశాలల్లో జనానికి ఉచితంగా ప్రవేశం ఇప్పించాడని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. 4వ శతాబ్దానికి చెందిన రోము నగర పట్టికల్లో చిన్నా పెద్దా స్నానశాలల లెక్క 856. చక్రవర్తులు కట్టించిన మహా స్నానవాటికలు వీటికి అదనం. వాటిని ‘థెర్మె’ అనేవారు. ఇదీ గ్రీకు నుంచి వచ్చిందే. ‘థెర్మోస్’ అంటే వేడి.

తత్వవేత్త సెనెకా కొన్నాళ్లు ఒక స్నానశాల పైన అద్దెకు ఉన్నాడు. అక్కడి గోల గురించి మిత్రుడికి రాసిన ఉత్తరం చదివితే ఆ చోటు కళ్లకు కడుతుంది. మర్దన చేసే మనిషి అరచెయ్యి భుజం మీద పడే చప్పుడు. చెయ్యి చాచి కొడితే ఒక రకం, గుంటగా పట్టి కొడితే ఇంకో రకం. తన గొంతు తనకే ముద్దొచ్చి పాడేవాడు, ధబీమని నీళ్లలోకి దూకేవాడు, దొరికిపోయిన దొంగ. చంకల్లో వెంట్రుకలు పీకేవాడు గిరాకీ కోసం సన్నటి గొంతుతో కేకలు పెడుతుంటాడు. ఒకవేళ వాడు నోరు మూశాడంటే పనిలో పడ్డాడని, ఇప్పుడు అరిచేది గిరాకీ అని అర్థం. తినుబండారాలు అమ్మేవాళ్ల అరుపులు దానికి తోడు. ఆరోగ్యం, వ్యాపారం, కాలక్షేపం అన్నీ ఒకే కప్పు కింద నడిచిన రోజులవి.

రోమన్లు స్పెయిన్‌లో బుగ్గ కనబడిన చోటల్లా స్నానశాల కట్టారు. బదహోస్ జిల్లాలోని అలాంఖే ఊళ్లో అలాంటిది నేటికీ వాడుకలో ఉంది. రెండు గుండ్రటి గదులు, వాటి మీద గుమ్మటాలు, గుమ్మటం నడినెత్తిన వెలుతురు పడే రంధ్రం. ఈనాటి ఆగ్విస్తాలు దిగేది ఆ రోమన్ గదుల్లోనే. అక్కడే ఒక పాలరాతి మొక్కుబడి పీఠం దొరికింది. లికీనియుస్ సెరెనియానుస్ అనే పెద్ద అధికారి, అతని భార్య వరీనియా ఫ్లక్కీనా కలిసి తమ కూతురు వరీనియా సెరెనా ఆరోగ్యం కోసం జూనో దేవతకు సమర్పించినది. ఆ పిల్లకు ఏం జబ్బో శాసనంలో లేదు. బిడ్డ బాగుపడాలని ఆ తల్లిదండ్రులు నీళ్లనూ నమ్మారు, దేవతనూ నమ్మారు. పద్దెనిమిది వందల ఏళ్లనాటి ఆ ఆరాటం అర్థం కావడానికి మనకు లాటిన్ రానక్కర్లేదు.

తద్భవం ఒకటి, తత్సమం ఒకటి

రోమన్ సామ్రాజ్యం చెదిరిపోయాక లాటిన్ మాటలు జనం నోళ్లలో అరిగాయి. ‘బల్నెయుం’లో ‘ల’ పోయింది. మిగిలినది స్పానిష్‌లోనూ ఇటాలియన్‌లోనూ ‘బాన్యో’, పోర్చుగీసులో ‘బాన్యు’, ఫ్రెంచిలో ముక్కుతో పలికే ‘బేఁ’ అయింది. ఇవాళ స్పెయిన్‌లో బాన్యో అంటే స్నానం, స్నానాల గది, మర్యాదగా చెప్పాల్సి వస్తే మరుగుదొడ్డి కూడా.

తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్లకు ఈ జంట వెంటనే అర్థమవుతుంది. జనం నోట నలిగి ఇంటి మాట అయిపోయిన ‘బాన్యో’ తద్భవం. పండితులు లాటిన్ పుస్తకాల్లోంచి నేరుగా తెచ్చి నిలబెట్టిన ‘బల్నెయారియో’ తత్సమం. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఒకరు ఇంట్లో పెరిగారు, ఒకరు బడిలో.

ఆ రెంటి నడుమ స్పెయిన్‌లో అరబ్బుల యుగం నడిచింది. వేడినీటి బుగ్గను వాళ్లు ‘అల్‌హమ్మ’ అన్నారు. అల్హామా దె గ్రనాదా, అల్హామా దె అరగోన్, అల్హామా దె ముర్సియా, ఇలా ఇప్పటికీ ఊళ్ల పేర్లలో ఆ మాట బతికే ఉంది. గ్రనాదాలో దర్రో వాగు ఒడ్డున ‘బాన్యుయెలో’ అనే ఆనాటి స్నానశాల, కప్పులో నక్షత్రాల ఆకారపు రంధ్రాలతో సహా, నేటికీ చూడవచ్చు.

తర్వాత రాజ్యం క్రైస్తవ రాజుల చేతికి మారింది, స్నానం అనుమానాస్పదమైంది. బలవంతంగా క్రైస్తవంలోకి మారిన ముస్లింలను మోరిస్కోలనేవారు. 1567లో రెండో ఫెలిపె రాజు గ్రనాదాలోని మోరిస్కోల భాషను, దుస్తులను, స్నానశాలలను నిషేధించాడు. మరుసటి ఏడాదే అల్పుహార్రాస్ కొండల్లో తిరుగుబాటు లేచింది. ఒళ్లు కడుక్కోవడం నేరమైన ఆ రోజుల్ని తలచుకుంటే, స్నానం ఎంత రాజకీయమో తెలుస్తుంది. ఒక జనాన్ని చెదరగొట్టాలంటే వాళ్లు కలుసుకునే చోటు మూసేయాలని పాలకులకు బాగా తెలుసు.

నీళ్లు మళ్లీ గౌరవం సంపాదించుకున్నది వైద్యుల చేతుల మీదుగా. 1697లో లిమోన్ మొంతెరో అనే వైద్యుడి పుస్తకం స్పెయిన్ జలాల మీద అచ్చయింది. 1816లో ఏడో ఫెర్నాందో రాజు ముఖ్యమైన స్నానకేంద్రాలన్నిటికీ ఒక్కొక్క వైద్యుణ్ని నియమించాలని ఆజ్ఞ ఇచ్చాడు. ప్రతి బుగ్గ గుణాన్నీ పరీక్షించడం, రోగుల వివరాలు రాసిపెట్టడం ఆ వైద్యుల పని. బల్నెయారియో అన్న తత్సమం జనంలోకి వచ్చింది ఆ 19వ శతాబ్దంలోనే.

ఆ వైభవాన్ని చూడాలంటే గలీసియాలోని మొందారిజ్‌కు వెళ్లాలి. 1870లలో అక్కడి గాలిబుడగల నీటి గుణాన్ని డాక్టర్ ఎన్రికె పెయినదోర్ గుర్తించాడు. 1898లో రాజభవనం లాంటి హోటలు లేచింది. చివరికి ఆ స్నానకేంద్రమే 1924లో విడి పురపాలికగా ఏర్పడింది. దాని పేరు మొందారిజ్-బల్నెయారియో. విస్తీర్ణంలో గలీసియా మొత్తానికి అదే అతి చిన్నది. 1973లో ఆ పెద్ద హోటలు అగ్నికి ఆహుతైంది, ఊరు మాత్రం నీళ్లను నమ్ముకునే ఉంది. అదే ఏడాది వచ్చిన గనుల చట్టం స్పెయిన్‌లో ఔషధ గుణమున్న ఖనిజ జలాలను తన పరిధిలోకి తెచ్చింది. ఖనిజంలాగే ఈ నీటిని తోడుకోవాలన్నా అనుమతి కావాలి.

సముద్రం దాటాక మాట అర్థం కూడా కొంత జరిగింది. ఉరుగ్వే, అర్జెంటీనాల్లో బల్నెయారియో అంటే సముద్రతీర విహార పట్టణం. మెక్సికోలో కుటుంబాలు పిల్లాపాపలతో వెళ్లే ఈత కొలనులు, జారుడు బల్లల ఆవరణ.

ఇంగ్లీషు చుట్టాలు

ఇంగ్లీషులో ‘బాత్’కు ఈ కుటుంబంతో సంబంధం లేదు. అది జర్మానిక్ మాట. ‘స్పా’కీ లేదు. బెల్జియంలోని స్పా అనే బుగ్గల ఊరి పేరది. నీటి ద్వారా ఆరోగ్యం అనే లాటిన్ వాక్యంలోని పొడి అక్షరాలతో అది ఏర్పడిందన్న ప్రచారం తర్వాతి కల్పన. ‘వెల్‌నెస్’ అచ్చమైన ఇంగ్లీషు మాట. 1961లో హాల్బర్ట్ డన్ అనే అమెరికన్ వైద్యుడి పుస్తకం దానికి ఇప్పటి అర్థాన్ని ఇచ్చింది.

అసలైన రక్తబంధువుల్లో మొదటివి పండిత పదాలు. స్నాన చికిత్సా శాస్త్రం ‘బాల్నియాలజీ’, ఆ చికిత్స ‘బాల్నియోథెరపీ’. వీటి పునాది 1553లో వెనిస్‌లో అచ్చయిన పెద్ద సంకలనంలో కనిపిస్తుంది. స్నానాల గురించి గ్రీకులు, రోమన్లు, అరబ్బులు రాసినవన్నీ జుంటా ముద్రణాలయం ఒక్కచోట చేర్చింది.

రెండో చుట్టం బతికి చెడింది. ఇటాలియన్ బాన్యో ఇంగ్లీషులోకి ‘బాన్యో’గానే వచ్చింది. లండన్‌లో మొదట చెమట పట్టించే స్నానశాలకు ఆ పేరు. గదులు గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలయ్యాక అది వేశ్యాగృహానికి మారుపేరైంది. విలియం హోగార్త్ 1740లలో వేసిన ‘మ్యారేజ్ ఎ-లా-మోడ్’ వరసలో ఐదో చిత్రం పేరు అదే. కత్తిపోటు తిన్న భర్త కూలిపోతుంటాడు, భార్య మోకాళ్ల మీద పడి ఉంటుంది, ప్రియుడు చొక్కాతోనే కిటికీలోంచి దూకి పారిపోతుంటాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇదే మాట మధ్యధరా తీరంలో మరీ చీకట్లోకి పోయింది. బందీలనూ బానిసలనూ ఉంచే చోటును బాన్యో అన్నారు. పాత స్నానశాలను బందీఖానాగా వాడటం వల్ల ఆ పేరొచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. ‘డాన్ క్విక్సోట్’ రాసిన సెర్వాంటెస్ 1575 నుంచి 1580 దాకా అల్జీర్స్‌లో అలాంటి చెరలో మగ్గాడు. ఆ అనుభవంలోంచి పుట్టిన ‘అల్జీర్స్ బాన్యోలు’ నాటకం 1615లో అచ్చయింది. ఫ్రెంచిలో ఇది ‘బాన్య్’ అయి కఠిన శిక్షల జైలుకు పేరైంది. ‘లే మిజరాబ్ల్’ నవలలో జాన్ వాల్జాన్ శిక్ష అనుభవించిన తూలోన్ జైలు అలాంటిదే.

మూడో చుట్టం మన హోటళ్ల వంటవాళ్లకు రోజూ పనిలో తగిలేదే. వేడినీళ్ల తొట్టిలో గిన్నెలు దించి, కూరలు అడుగంటకుండా వేడిగా ఉంచే ఏర్పాటును ‘బేన్ మేరీ’ అంటారు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ పేరుకు మేరీ స్నానం అని అర్థం. ఆ మేరీ ప్రాచీన రసవాదుల్లో పేరుపడ్డ యూదు మహిళ అని చెబుతారు. స్పానిష్‌లో దీన్ని ‘బాన్యో మరీయా’ అంటారు. ఇక ‘థెర్మోస్’ వైపు చుట్టాలైతే లెక్కలేనన్ని. థర్మామీటరు, థర్మల్ విద్యుత్తు, ఆస్పత్రికి కాఫీ పట్టుకెళ్లే థర్మాస్ ఫ్లాస్కు అన్నీ ఆ ఇంటివే.

తూర్పు దారిలో హైదరాబాదు

గ్రీకు స్నాన వైద్యం పడమర దారిలో బల్నెయారియో దాకా వెళ్లింది. దానికి తూర్పు దారి కూడా ఉంది, అది హైదరాబాదు దాకా వచ్చింది. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునయిన్ ఇబ్న్ ఇస్‌హాక్ అరబ్బీ ప్రపంచానికి అందించాడు. 11వ శతాబ్దంలో ఇబ్న్ సీనా వైద్య గ్రంథం ‘కానూన్’ ఆ జ్ఞానాన్ని క్రమంలో పెట్టింది. 12వ శతాబ్దంలో అదే గ్రంథం స్పెయిన్‌లోని తొలేదోలో లాటిన్‌లోకి మారి యూరప్‌కు తిరిగి చేరింది. మన వైపు అది ‘యునానీ’గా వచ్చింది. యునానీ అంటేనే గ్రీకు అని అర్థం.

యునానీలో మందుల్లేకుండా చేసే చికిత్సల విభాగాన్ని ‘ఇలాజ్-బిత్-తద్బీర్’ అంటారు. మర్దనతో పాటు హమామ్ స్నానం అందులో ఒకటి. చార్మినార్ పక్కన నిజామియా యునానీ ఆస్పత్రి ఆ సంప్రదాయానికే నిలయం. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమామ్ ఉంది. అది చనిపోయిన రాజవంశీకులకు చివరి స్నానం చేయించిన చోటని చెబుతారు. ఆ హమామ్, స్పెయిన్ ఊళ్ల పేర్లలోని అల్హామా, రెండూ వేడిమిని చెప్పే ఒకే అరబ్బీ ధాతువులోంచి పుట్టాయి. హమామ్ పేరుతో వచ్చిన సబ్బుతో మన ఇళ్లలో తరాలే స్నానాలు చేశాయి.

థెరపీ అంటే ఉపచారం

వేడినీళ్లు అన్ని జబ్బులనూ కుదురుస్తాయని ఎవరైనా అంటే నమ్మకూడదు. కీళ్ల నొప్పి, బిగుసుకుపోయిన కండరాలు వీటి వల్ల కొంత తేలికపడతాయి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవాళ్లు వైద్యుణ్ని అడగకుండా వేడి తొట్టిలో దిగకూడదు. స్పెయిన్ బల్నెయారియోలో ముందుగా డాక్టరు చూసేది ఇందుకే.

‘బాల్నియోథెరపీ’లో రెండో సగం కూడా గ్రీకే. ‘థెరపెయా’ అంటే చికిత్స కంటే ముందు సేవ, పక్కనుండి చూసుకోవడం. తెలుగులో ఉపచారం అన్న మాటకు కూడా ఇలాగే రెండర్థాలు ఉన్నాయి. కాగు దగ్గర అరిచిన స్నానశాల మనిషి, మర్దన చప్పుళ్లతో సెనెకా చెవులు హోరెత్తించిన పనివాడు, అల్హామాల్లో నీళ్లు కాచినవాళ్లు, ఇవాళ ముసలమ్మ మోకాలికి మట్టిపట్టీ వేసే ఉద్యోగిని అందరూ ఆ మాట లోపలే ఉన్నారు.

అందుకే వెల్‌నెస్ పేరుతో జరుగుతున్న వ్యాపారాన్ని మనం రెండు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ సేవ చేసేవాళ్లకు సరైన జీతం, గౌరవం దక్కుతున్నాయా? నడుం నొప్పితో బాధపడే పించనుదారు, నాట్లేసి నాట్లేసి వంగిపోయిన రైతుకూలీ ఈ గుమ్మం తొక్కగలరా? అగ్రిప్పా 170 స్నానశాలల తలుపులు ఉచితంగా తెరిపించాడు, 1989లో స్పెయిన్ ప్రభుత్వం తన వృద్ధులకు దారి చూపించింది. ఒంటికి ఊరటనివ్వడం ప్రజల ఖజానా భరించదగ్గ ఖర్చేనని ఈ రెండూ రుజువు చేశాయి. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీ గది, యునానీ ఆస్పత్రిలో మర్దన బల్ల, ప్రకృతి చికిత్సాలయంలో ఆవిరి గది, వీటికి డబ్బులు కేటాయించమని అడగడం విలాసాన్ని కోరడం కిందికి రాదు. అది చాలా పాత హక్కు.